రొయ్యల చెరువుల లోరా నోడ్‌లకు ఏ డేటా ఫార్మాట్ పెట్టాలి?

అల్లూరు_ఆక్వానెట్
అందరికీ నమస్తే. అల్లూరు మండలంలో బకింగ్‌హాం కాలువ పక్కన ఒకే చోట ఉన్న 60 వనామీ చెరువులకు లోరావాన్ (తక్కువ కరెంటుతో చాలా దూరం చిన్న ప్యాకెట్లు పంపే రేడియో నెట్‌వర్క్) సెన్సార్లు పెట్టే పని నడుస్తోంది. చెరువుకొక నోడ్ (సెన్సార్లు, కంట్రోలర్, రేడియో ఉన్న పెట్టె). డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్), నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, సెలినిటీ (ఉప్పుదనం), బ్యాటరీ ఓల్టేజీ, ఈ ఐదు విలువలూ 10 నిమిషాలకోసారి రావాలి. రేడియో ఎస్‌ఎక్స్ 1276. కంట్రోలర్ కొన్నింట్లో ఈఎస్‌పీ 32, కొన్నింట్లో ఏటీమెగా 328. గేట్‌వే ఒకటే, అక్కడి నుంచి 4జీ మీద సర్వర్‌కు. జేసన్ (పేరు, విలువ జతలను అక్షరాల్లో రాసే ఫార్మాట్) పంపితే డ్యాష్‌బోర్డుకు నేరుగా ఎక్కుతుందని మా ఆలోచన. అక్షరాలు కాకుండా బైట్లుగా సర్దే సీబార్, ప్రోటోబఫ్, కయెన్ ఎల్‌పీపీ, సొంత బైనరీ కూడా ఉన్నాయి గదా. ఏది పెట్టాలి, ఎందుకు? అంకెలతో చెబితే మేలు.

పెన్నా_రేడియో
ముందు బైట్లు లెక్కేద్దాం. డీవో 4.62, ఉష్ణోగ్రత 29.4, పీహెచ్ 8.14, సెలినిటీ 18.6, బ్యాటరీ 3.71 అనుకోండి. ఒక్కక్షరం కీలతో, మధ్యలో ఖాళీల్లేకుండా జేసన్ రాస్తే 46 బైట్లు. కామాలతో విడదీసిన మామూలు అక్షరాలైతే 24. కయెన్ ఎల్‌పీపీలో ఒక్కో విలువకు చానెల్ ఒకటి, రకం ఒకటి, విలువ రెండు బైట్లు కాబట్టి 20. దశాంశాలు తీసేసి పూర్ణాంకాలుగా, అంకె కీలతో సీబార్ చేస్తే అదీ 20, కీలు తీసేసి వరుసగా పెడితే 15. ప్రోటోబఫ్ 15. సొంత బైనరీ 8 బైట్లలో సర్దుకుంటుంది.

ఇవి నేరుగా గాల్లోకి పోవు. లోరావాన్ తన వంతుగా 13 బైట్లు కలుపుతుంది. ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, అది పెరిగేకొద్దీ సిగ్నల్ దూరం పోతుంది, పంపడం నెమ్మదవుతుంది) 10, 125 కిలోహెర్ట్జ్ మీద జేసన్ ప్యాకెట్ గాల్లో 657 మిల్లీసెకన్లు ఉంటుంది, 8 బైట్ల బైనరీ 371. ఎస్‌ఎఫ్ 12కు పోతే 2,630, 1,483. ఎస్‌ఎఫ్ 7 మీద 113, 57. అంటే సొంత భాగం ఆరో వంతుకు తగ్గినా గాల్లో ఉండే సమయం సగం దగ్గరే ఆగుతుంది. ప్రీయాంబుల్ (ప్యాకెట్ ముందొచ్చే సంకేతం), హెడర్ ఎటూ తప్పవు. ఫార్మాట్ మారిస్తే బ్యాటరీ ఐదింతలు వస్తుందని ఎవరన్నా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

ఒంగోలు_ఫర్మ్‌వేర్
సీబార్ గురించి ఒక హెచ్చరిక. చాలా లైబ్రరీలకు 4.62 అని దశాంశ సంఖ్య ఇస్తే దాన్ని 64 బిట్ల ఫ్లోట్‌గా, విలువకు 9 బైట్ల చొప్పున రాసేస్తాయి. ఐదు విలువలు, ఐదు కీలు, మొదటి బైటు కలిపి 51, జేసన్ కన్నా ఎక్కువ. బైనరీ కదా చిన్నదే అయుంటుందని కొలవకుండా వదిలేసే చోట ఇదే జరుగుతుంది. పూర్ణాంకంగా మార్చి పంపితేనే సీబార్‌తో లాభం. ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 8949, అందులో ఏ విలువ ఎన్ని బైట్లు తింటుందో స్పష్టంగా ఉంది, ఒకసారి చదవండి.

ప్రోటోబఫ్‌లో రెండు గుంటలున్నాయి. మూడో వెర్షన్‌లో మామూలు ఫీల్డు విలువ సున్నా అయితే అసలు పంపదు. డీవో నిజంగా సున్నాకు పడిపోయిందా, సెన్సార్ పలకలేదా అన్నది అవతల తేలదు, ఆ ఫీల్డును ఆప్షనల్‌గా ప్రకటించాలి. రెండోది, ఇంట్ 32 ఫీల్డులో రుణ సంఖ్య పెడితే 10 బైట్లు పడుతుంది, ఎస్‌ఇంట్ 32 వాడాలి. చిన్న కంట్రోలర్లకు నానోపీబీ అనే చిన్న ప్రోటోబఫ్ లైబ్రరీ సరిపోతుంది. కానీ మీ ఏటీమెగా 328లో ర్యామ్ 2 కేబీ, ఫ్లాష్ 32 కేబీ. లోరావాన్ లైబ్రరీ ఎక్కాక ఫ్లాష్‌లో మిగిలేది కొంచెమే, అక్కడ ఇంకో లైబ్రరీకి చోటు వెతకడం కన్నా బైట్లు చేత్తో పేర్చుకోవడం సులువు. ఆ కంట్రోలర్‌లో జేసన్‌కూ ఒక చిక్కుంది: మామూలు స్ప్రింట్‌ఎఫ్ దశాంశ సంఖ్యలు అచ్చువెయ్యదు, ప్రశ్నార్థకం గుర్తు వస్తుంది. డీటీఓఎస్‌టీఆర్‌ఎఫ్ వాడాల్సి వస్తుంది.

కొత్తపట్నం_గట్టు
బ్యాటరీ సంగతి ఇంకొంచెం విడమరిచి చూడాలి. ఎస్‌ఎక్స్ 1276 పూర్తి శక్తితో, అంటే 20 డీబీఎం దగ్గర, 120 మిల్లీ యాంపులు తీసుకుంటుంది. ఎస్‌ఎఫ్ 10 మీద జేసన్ ప్యాకెట్‌కు సుమారు 79 మిల్లీ యాంపు సెకన్లు, బైనరీకి 45. తేడా 34. ఇక డీవో ప్రోబ్ వైపు చూడండి. అది 12 ఓల్టుల మీద 40 మిల్లీ యాంపులతో 30 సెకన్లు వేడెక్కాలి అనుకుంటే 1,200. 3.7 ఓల్టుల సెల్ నుంచి బూస్టర్‌తో తీస్తే సెల్ మీద పడేది దానికి మూడింతల పైనే. ఆ లెక్కలో 34 ఏపాటి? బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలంటే ప్రోబ్‌కు కరెంటు ఎంతసేపు ఇస్తున్నారో చూడండి, మోస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టి మిగతా సమయమంతా పూర్తిగా ఆపేయండి. పీహెచ్, సెలినిటీ ప్రతి 10 నిమిషాలకూ అక్కర్లేదు, గంటకోసారి చాలు. తెల్లవారుజామున డీవో పడిపోయే వేళ మాత్రం 10 నిమిషాలు తగ్గకూడదు.

అల్లూరు_ఆక్వానెట్
అట్టయితే జేసన్ 46 బైట్లు ఎస్‌ఎఫ్ 12 మీద ప్యాకెట్‌కున్న 51 బైట్ల పరిమితిలో పడుతోంది, బ్యాటరీకీ పెద్ద నష్టం లేదు. మరి మార్చడం దేనికి అన్నా?

పెన్నా_రేడియో
మూడు కారణాలు. 51 అనేది నోడ్ వేరే ఏమీ మోయనప్పుడు. సర్వర్ అడిగిన మ్యాక్ కమాండ్లకు (నెట్‌వర్క్ నడపడానికి పంపే ఆదేశాలకు) జవాబులు అదే ప్యాకెట్‌లో పోతాయి. ఏడీఆర్ (నోడ్ డేటా వేగాన్ని సర్వర్ సర్దే ఆదేశం) జవాబు 2 బైట్లు, డివైస్ స్టేటస్ జవాబు 3. అక్కడికి మీ మిగులు 5 బైట్లూ అయిపోయాయి. ఇంకొక్క కమాండ్ వచ్చినా, డీవో 10 దాటి ఒక అంకె పెరిగినా ప్యాకెట్ పోదు. ఎండ బాగా కాసి నీళ్లు పచ్చగా ఉన్న మధ్యాహ్నం డీవో 10 దాటడం మామూలే. బల్ల మీద పరీక్షించినప్పుడు బాగుండి, చెరువు మీద అప్పుడప్పుడూ మాయమయ్యే ప్యాకెట్ల వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

రెండోది ఢీకొనడం. 60 నోడ్లూ ఒకే ఎస్‌ఎఫ్ మీద, ఐఎన్ 865కు (మన దేశపు లోరావాన్ బ్యాండ్) డిఫాల్ట్‌గా వచ్చే మూడు చానెళ్ల మీదే ఉన్నాయనుకుని అలోహా లెక్క (ఎవరికి తోచినప్పుడు వాళ్లు పంపితే ఎన్ని ఢీకొంటాయన్నది) వేస్తే, ఎస్‌ఎఫ్ 10 మీద జేసన్‌కు 4.3 శాతం, బైనరీకి 2.4 శాతం ప్యాకెట్లు గుద్దుకుంటాయి. ఎస్‌ఎఫ్ 12 మీద 16 శాతం, 9.4 శాతం. దగ్గరి నోడ్ బలంగా వినపడి గెలిచే సందర్భాలుంటాయి కాబట్టి నిజంలో కొంత తక్కువే. కానీ ఆ గెలుపు ఎప్పుడూ గేట్‌వే పక్క చెరువులకే. పోగొట్టుకునేది చివరి గట్టు మీది నోడ్. ఒక్క చానెలే వినే చవక గేట్‌వే పెట్టారంటే ఎస్‌ఎఫ్ 12 మీద జేసన్ ఢీలు 41 శాతానికి పోతాయి. దాన్ని ఈ పనికి అసలు తేవద్దు.

మూడోది, మీది ద థింగ్స్ నెట్‌వర్క్ ఉచిత సర్వర్ అయితే నోడ్‌కు రోజుకు 30 సెకన్ల ఎయిర్‌టైమే (గాల్లో ఉండే సమయమే). ఎస్‌ఎఫ్ 10 మీద 10 నిమిషాలకోసారి బైనరీ కూడా 53 సెకన్లవుతుంది. 20 నిమిషాలకోసారి చేస్తే బైనరీ 27తో లోపల పడుతుంది, జేసన్ 47తో పడదు. మన ఐఎన్ 865 బ్యాండ్‌లో యూరప్‌లో లాగా 1 శాతం డ్యూటీ సైకిల్ నిబంధన (మొత్తం సమయంలో 1 శాతమే పంపాలన్నది) లేదు, అది వేరే సంగతి. నిబంధన లేకపోయినా గాలి ఒకటే, పక్క చెరువులవాళ్లూ అందులోనే పంపాలి.

మైపాడు_ఫీల్డ్
చానెళ్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఓటీఏఏతో (సర్వర్‌ను గాల్లోనే అడిగి చేరే పద్ధతి) జాయిన్ అయిన నోడ్‌కు సర్వర్ మరో ఐదు చానెళ్లు ఇవ్వగలదు, మొత్తం ఎనిమిది. అప్పుడు ఎస్‌ఎఫ్ 10 మీద జేసన్ ఢీలు కూడా 1.6 శాతానికి దిగుతాయి. ఏబీపీలో (కీలు ముందే నోడ్‌లో రాసిపెట్టే పద్ధతి) పెట్టిన నోడ్‌లు మాత్రం చేత్తో రాస్తే తప్ప ఆ మూడింటి మీదే ఉండిపోతాయి. ఫార్మాట్ మార్చేముందే ఈ పని చేసుకోండి, ఖర్చు లేదు.

ఇంకోటి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏరేటర్ ప్యానెళ్ల నుంచి నడిచే నోడ్లన్నీ ఒకే క్షణాన లేస్తాయి. అందరి టైమర్ 10 నిమిషాలే అయితే ప్రతిసారీ ఒకేసారి పంపి ఒకదాన్నొకటి కొట్టుకుంటూనే ఉంటాయి. మొదటి ప్యాకెట్‌కు ముందు 0 నుంచి 600 సెకన్ల మధ్య, ఆ తర్వాత ప్రతిసారీ 0 నుంచి 20 సెకన్ల మధ్య యాదృచ్ఛిక ఆలస్యం కలపండి. యాదృచ్ఛిక సంఖ్యకు విత్తనంగా డివైస్ ఈయూఐ (ఒక్కో నోడ్‌కు ఉండే ప్రత్యేక సంఖ్య) ఇవ్వండి. అన్నింటికీ ఒకే విత్తనమిస్తే ఆలస్యం కూడా అందరికీ ఒకటే వస్తుంది.

కన్ఫర్మ్‌డ్ ప్యాకెట్లు (అందిందని జవాబు కోరేవి) పెట్టొద్దు. గేట్‌వే జవాబు పంపుతున్నంతసేపూ దాని చెవులు మూసుకుపోయినట్టే, ఆ సమయంలో వచ్చిన మిగతా చెరువుల ప్యాకెట్లన్నీ పోతాయి.

ఒంగోలు_ఫర్మ్‌వేర్
8 బైట్లు ఇట్టా పేర్చుకోవచ్చు. మొదటి బైటులో పై నాలుగు బిట్లు ఫార్మాట్ వెర్షన్, కింది నాలుగు జెండాలు: ప్రోబ్ పలకలేదు, విలువ హద్దు దాటింది, బ్యాటరీ తక్కువ, ఇప్పుడే రీస్టార్ట్ అయింది. తర్వాత రెండు బైట్లు డీవోను 100తో గుణించి. ఇంకో రెండు ఉష్ణోగ్రత, 100తో గుణించి, గుర్తుతో సహా. పీహెచ్ ఒక బైటు: 5 తీసేసి 50తో గుణిస్తే 5.00 నుంచి 10.08 వరకు 0.02 మెట్లలో వస్తుంది. సెలినిటీ ఒక బైటు, 5తో గుణించి, 50.8 పీపీటీ (వెయ్యికి వంతులు) దాకా. బ్యాటరీ ఒక బైటు, 2 ఓల్టులు తీసేసి 10 మిల్లీఓల్టుల మెట్లు. ఒక్క బైటు విలువల్లో 255 అంటే విలువ లేదని, డీవోకు 65535, ఉష్ణోగ్రతకు మైనస్ 32768. సున్నాను ఎప్పుడూ "లేదు" అనే అర్థంలో వాడొద్దు. డీవో సున్నా అంటే రొయ్య చచ్చిపోతోందని, ఆ కబురుకు మరో అర్థం ఉండకూడదు.

పైన పెన్నా_రేడియో గారిచ్చిన విలువలకే నమూనా ప్యాకెట్, దశాంశ అంకెల్లో: 16, 1, 206, 11, 124, 157, 93, 171. దీన్ని డాక్యుమెంట్‌లో రాసిపెట్టుకోండి. నోడ్ కోడ్ రాసినవాళ్లూ సర్వర్ కోడ్ రాసినవాళ్లూ ఇద్దరూ దీన్ని రాబట్టగలిగితేనే పని అయినట్టు. డీవో 1, 206 అంటే 1ని 256తో గుణించి 206 కలపాలి, 462. తిరగేసి చదివితే 527.37 వస్తుంది. 500 దాటిన డీవో తెర మీద కనబడితే బైట్ల వరుస తారుమారైందని చూడగానే తెలుసుకోవాలి.

స్ట్రక్ట్‌ను (కోడ్‌లో ఫీల్డులన్నీ కలిపిన కట్టను) అలాగే మెమరీ నుంచి కాపీ చేసి పంపొద్దు. ఒక బైటు పక్కన రెండు బైట్ల ఫీల్డు పెడితే ఈఎస్‌పీ 32 కంపైలర్ మధ్యలో ఖాళీ బైటు చేరుస్తుంది, ఏటీమెగా చేర్చదు. మీ దగ్గర రెండూ ఉన్నాయి, ఒకే కోడ్ నుంచి రెండు రకాల ప్యాకెట్లు బయటికొస్తాయి. షిఫ్ట్ చేసి ఒక్కో బైటూ చేత్తో రాయండి. గుణించాక కత్తిరించకుండా రౌండ్ చెయ్యండి. 4.35ను డబుల్‌లో 100తో గుణిస్తే 434.99999 వస్తుంది, నేరుగా పూర్ణాంకం చేస్తే 434. ఇక ఆర్‌ఎస్ 485 ప్రోబ్‌లు 32 బిట్ల ఫ్లోట్‌ను రెండు మోడ్‌బస్ రిజిస్టర్లలో ఇస్తాయి. ఏ రిజిస్టర్ ముందన్నది తయారీదారును బట్టి మారుతుంది. ప్రోబ్ మార్చినప్పుడల్లా ఆ వరుసను తెలిసిన విలువతో సరిచూడండి.

టంగుటూరు_బ్యారన్
చెరువుల వరకు ఇది బాగుంది. పొగాకు బ్యారన్లకు వాడదలిచినవాళ్ల కోసం ఒక మాట: క్యూరింగ్ చివర్లో కాడ ఆరేటప్పుడు లోపల 70 డిగ్రీల దాకా పోతుంది. ఉష్ణోగ్రతకు రెండు బైట్లుంటే సరే, ఒక బైటులో 0.1 మెట్లు పెట్టుకుంటే పట్టదు. అక్కడ డీవో, పీహెచ్ ఉండవు, తడి బల్బు ఉష్ణోగ్రత కావాలి. అన్నిటికీ సరిపడే ఒకే ఫార్మాట్ చేద్దామనుకోకుండా ఎఫ్‌పోర్ట్ (ప్యాకెట్ ఏ రకమో చెప్పే అంకె) వేరుచేసుకుంటే మేలు. చెరువుకు 1, బ్యారన్‌కు 2. ఆ బైటు లోరావాన్ హెడర్‌లో ఎటూ ఉంది, ఊరికే పోతోంది.

మైపాడు_ఫీల్డ్
చెరువులో ఉష్ణోగ్రత 15 నుంచి 40 మధ్యే ఉంటుంది. 15 తీసేసి 10తో గుణిస్తే ఒక్క బైటు చాలు. మొత్తం 7 బైట్లు. ఎస్‌ఎఫ్ 12 మీద 8 నుంచి 7కు దిగితే 1,483 కాస్తా 1,319 అవుతుంది. ఒక్క బైటుకు 164 మిల్లీసెకన్లు మిగిలినట్టు.

పెన్నా_రేడియో
ఆ లెక్క సరైనదే, ఎందుకలా అవుతుందో తెలిస్తే ఇంకా బాగా వాడుకోవచ్చు. లోరాలో ఎయిర్‌టైమ్ బైటు బైటుకూ పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఎస్‌ఎఫ్ 12లో మీ భాగం 3 నుంచి 7 బైట్ల దాకా ఒకటే సమయం, 8 నుంచి 12 దాకా మళ్లీ ఒకటే. ఎస్‌ఎఫ్ 10లో 7 నుంచి 11 ఒక మెట్టు. అక్కడ 8ని 7 చేసి గెలిచేదేమీ లేదు.

నా సలహా అయితే ఎదురు దిక్కున ఉంటుంది. 8 బైట్లు అలాగే ఉంచి, ఊరికే వచ్చే మిగతా బైట్లలో వెనకటి రెండు డీవో రీడింగులు పెట్టండి. ఇప్పటి విలువకూ అప్పటి విలువకూ తేడాను 0.05 మెట్లలో, గుర్తుతో, ఒక్కో బైటు. ప్లస్ మైనస్ 6.35 దాకా పడుతుంది. మొత్తం 10 బైట్లు, ఎస్‌ఎఫ్ 10లోనూ 12లోనూ ఎయిర్‌టైమ్ పైసా పెరగదు. ఒక ప్యాకెట్ పోయినా, వరసగా రెండు పోయినా, మూడోది అందగానే ఆ డీవోలన్నీ తిరిగొస్తాయి. రాత్రి రెండు నుంచి ఆరు మధ్య డీవో ఎంత వేగంగా దిగుతోందన్నదే ఏరేటర్లు పెంచాలా వద్దా చెప్పేది. ఆ గీతలో ఖాళీలు రాకూడదు. 8ని 7 చేసే శ్రమ కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది.

ఎస్‌ఎఫ్ 12 మీద నిలబడిపోయిన నోడ్ ఉంటే బైట్లు తగ్గించేముందు యాంటెన్నా చూడండి. నీటి మట్టానికి అరమీటరు ఎత్తున, ఇనుప పెట్టె పక్కన కట్టిన యాంటెన్నాకు ఏ ఫార్మాటూ సాయం చెయ్యదు. గట్టు మీద 3 మీటర్ల పైపు వేసి పైన కట్టండి. ఉప్పుగాలికి కనెక్టర్ తుప్పు పట్టకుండా రబ్బరు టేపు చుట్టండి. మాడ్యూల్ 865కు సరిపోయేదో కాదో కూడా చూసుకోండి, 433 యాంటెన్నా తగిలించిన పెట్టెలు దొరుకుతుంటాయి.

సర్వర్_సింహపురి
సర్వర్ వైపు నుంచి. డ్యాష్‌బోర్డుకు జేసనే కావాలి, అది గేట్‌వే దాటాక పుట్టించండి. చిర్ప్‌స్టాక్‌లోనైనా థింగ్స్ స్టాక్‌లోనైనా (రెండూ లోరావాన్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు) చిన్న జావాస్క్రిప్ట్ డీకోడర్ రాస్తే చాలు. మూడు జాగ్రత్తలు చెబుతాను. వచ్చిన ముడి బైట్లను డీకోడ్ అయిన విలువల పక్కనే డేటాబేస్‌లో దాచండి. డీకోడర్‌లో తప్పు తరవాత బయటపడినా పాత డేటా అంతా మళ్లీ డీకోడ్ చేసుకోవచ్చు, లేకపోతే ఆ పంట కాలం రికార్డు పోయినట్టే. తెలియని వెర్షన్ అంకె వస్తే ఊహించి చదవకుండా పక్కన పెట్టి హెచ్చరిక పంపాలి. గుర్తున్న రెండు బైట్లు 32767 దాటితే 65536 తీసెయ్యాలి, తేడా బైట్లు 127 దాటితే 256. జావాస్క్రిప్ట్ దానంతట అది చెయ్యదు.

డీవోలో 65535, ఉష్ణోగ్రతలో మైనస్ 32768, పీహెచ్, సెలినిటీ, బ్యాటరీల్లో 255 వస్తే నల్‌గా (విలువ లేదని) రాయండి, ఎట్టి పరిస్థితిలోనూ 0గా రాయొద్దు. సగటు లెక్కలు పాడవుతాయి, అర్ధరాత్రి ఉత్తుత్తి అలారం మోగుతుంది, నాలుగుసార్లు అలా మోగాక నిజంగా మోగినప్పుడు ఎవరూ గట్టు మీదికి పోరు.

నోడ్ నుంచి టైమ్‌స్టాంప్ పంపక్కర్లేదు, అదొక్కటే 4 బైట్లు తింటుంది. గేట్‌వే అందుకున్న సమయం చాలు. వెనకటి రెండు రీడింగులకు 10, 20 నిమిషాలు తీసి రాసుకోవచ్చు.

అల్లూరు_ఆక్వానెట్
చాలా స్పష్టంగా చెప్పారు. రెండు సందేహాలు. డ్యాష్‌బోర్డులో పేర్లన్నీ తెలుగులో కావాలి, చెరువుల దగ్గరుండే వాళ్లు చూసేది అదే. ఇంకోటి, ఇదే నెట్‌వర్క్ మీద ఏరేటర్ ఆన్ చేసే కమాండ్ కూడా పంపొచ్చా?

సర్వర్_సింహపురి
తెలుగు పేర్లు సర్వర్‌లోనే పెట్టండి, రేడియో మీద ఎక్కించొద్దు. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్ ఒక్కోటి 3 బైట్లు, ఒత్తూ గుణింతమూ విడివిడిగా లెక్క. "ఉష్ణోగ్రత" ఒక్కటే 27 బైట్లు, ఎస్‌ఎఫ్ 12 పరిమితిలో సగం దాటింది. ఏ డివైస్ ఈయూఐకి ఏ చెరువు, ఏ ఫీల్డుకు ఏ పేరు, ఏ యూనిట్ అన్న పట్టిక సర్వర్‌లో ఉంటే, నోడ్ ముట్టుకోకుండా పేరు మార్చుకోవచ్చు.

ఒంగోలు_ఫర్మ్‌వేర్
ఏరేటర్ కమాండ్ పంపొచ్చు, కానీ డౌన్‌లింక్‌ను (సర్వర్ నుంచి నోడ్‌కు పోయే ప్యాకెట్‌ను) నమ్మి ఆక్సిజన్‌ను వదిలేయొద్దు. క్లాస్ ఏ నోడ్ తను పంపిన తర్వాతే వింటుంది, అంటే 10 నిమిషాల దాకా ఆలస్యం. ప్యానెల్‌లో కరెంటు ఉంటుంది గదా, ఆ నోడ్‌ను క్లాస్ సీ చేస్తే ఎప్పుడూ వింటుంది. కమాండ్ 3 బైట్లు చాలు: వెర్షన్, వరస సంఖ్య, ఏ ఏరేటర్లు ఆన్ అనేది ఎనిమిది బిట్లలో. "మార్చు" అనకుండా "ఈ స్థితిలో ఉండు" అని పంపండి, అదే కమాండ్ రెండుసార్లు అందినా నష్టం ఉండదు. అందిన వరస సంఖ్యనూ మోటారు అసలు స్థితినీ నోడ్ తర్వాతి ప్యాకెట్‌లో తిప్పి పంపాలి. స్థితిని కాంటాక్టర్ సహాయక కాంటాక్ట్ నుంచి చదవండి, రిలే పిన్ నుంచి కాదు. రిలే లాగినా ఓవర్‌లోడ్ ట్రిప్ అయి మోటారు ఆగి ఉండొచ్చు. కమాండ్ అరగంట రాకపోతే ప్యానెల్ తనంతట తాను ఏరేటర్లు వేసుకునేలా పెట్టండి.

కొత్తపట్నం_గట్టు
ఒక మాట చేరుస్తాను. ప్రోబ్ మీద పాచి పడితే విలువ మెల్లగా కిందికి జారుతుంది, ప్యాకెట్ మాత్రం బ్రహ్మాండంగా వస్తూనే ఉంటుంది. ఏ జెండా బిట్టూ దాన్ని పట్టుకోలేదు. తుడిచిన రోజు నోడ్ మీద బటన్ నొక్కితే రీస్టార్ట్ బిట్ వచ్చేలా చేస్తే, తుడవకముందు, తుడిచాక గీతలో ఎంత ఎగిరిందో సర్వర్‌లో కనబడుతుంది. ఎన్ని రోజులకోసారి తుడవాలో దాన్నిబట్టి తేలుతుంది.

అల్లూరు_ఆక్వానెట్
అయితే 10 బైట్ల బైనరీ, ఎఫ్‌పోర్ట్ 1, ఓటీఏఏతో ఎనిమిది చానెళ్లు, పీహెచ్ సెలినిటీ గంటకోసారి కొలవడం. మధ్య ప్యాకెట్లలో ఆ రెండింటికీ 255 పెడతాం, నిడివి మారకుండా. కొన్ని నోడ్లు ఇప్పటికే జేసన్ కోడ్‌తో చెరువుల్లో ఉన్నాయి. అన్నీ ఒకేసారి తీసి మార్చడం కుదరదు, మధ్యకాలంలో ఎట్టా?

సర్వర్_సింహపురి
గంటకోసారి అయితే 255కు "ఈసారి కొలవలేదు" అనీ "ప్రోబ్ పలకలేదు" అనీ రెండర్థాలు వస్తాయి. రెండోదానికి జెండా బిట్ ఉంది కాబట్టి, 255 వచ్చి బిట్ లేకపోతే పాత విలువ అలాగే చూపించు, బిట్ ఉంటే అలారం, అని డీకోడర్‌లో రాయండి.

జేసన్ నోడ్లు ఏ పోర్ట్ మీద పంపుతున్నాయో ముందు చూడండి. చాలా ఉదాహరణ కోడ్‌లలో అది 1 ఉంటుంది. అలాగైతే కొత్తదానికి 1 ఇవ్వొద్దు, 10 ఇవ్వండి. 1 నుంచి 223 దాకా ఏదైనా వాడుకోవచ్చు. డీకోడర్ పోర్ట్ చూసి దారి మార్చుకుంటుంది, పాతవీ కొత్తవీ ఒకే పట్టికలో పడతాయి. గేట్‌వేకు దూరంగా, ఎస్‌ఎఫ్ 12 మీద ఉన్న నోడ్లను ముందు మార్చండి, గాల్లో ఎక్కువ చోటు తినేది అవే.